అమ్మ టోకెన్ అట్లకాడ

రెండు మోకాళ్లకూ ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చి చెప్పిన రోజు, దవాఖానా మెట్లు దిగుతూ అమ్మను ఒక మాట అడిగాను. చేరే లోపల ఏమన్నా తినాలనుందా, ఎక్కడికన్నా పోవాలనుందా అని. పర్ణశాల పక్కనున్న వాళ్ల అన్న ఇంటికి తీసుకుపొమ్మంటుందనో, కొత్త చీర అడుగుతుందనో అనుకున్నాను. అమ్మ మెట్టు మీద ఆగి, కమ్మీ పట్టుకుని, ఊపిరి తీసుకుని, "సముద్రంల ఒక్కసారి ఈత కొట్టాలె" అంది.

నాకు నవ్వాగలేదు. మెట్టు దిగడానికి నా భుజం కావాలి, ఈత మాత్రం కొడుతుందట.

"నవ్వకు. నీళ్లల్ల మోకాళ్లతోని పనేముంది? నీళ్లే మోస్తయి" అంది అమ్మ కోపంగా.

అమ్మ పుట్టింది గోదారి ఒడ్డున. బర్రెల వెంట నీళ్లలోకి దిగి, వాటికంటే ముందు ఇసుక తిన్నె మీదికి ఎక్కి కూచునేదాన్నని చిన్నప్పుడు మాకు గొప్పలు చెప్పేది. తర్వాత బొగ్గుబావిలో పనిచేసే మా నాయినను చేసుకుని కాలనీ క్వార్టర్‌లోకి వచ్చి పడింది. అక్కడ నల్లా గంటసేపు వచ్చేది. నలభై ఏళ్లుగా ఆమె ఒంటికి తగిలిన నీళ్లన్నీ చెంబుతో పోసుకున్నవే. ఆపరేషన్ అయ్యాక ఏడాది దాకా నదులూ కాలవలూ మరిచిపొమ్మన్నాడు డాక్టరు. రెండో మోకాలితో కలిపి అది రెండేళ్లు. ఆ లెక్క అమ్మ నాకంటే ముందే వేసుకుంది. "సరే, తీసుకుపోతా" అని మాటిచ్చేశాను.

నాయినకు నీళ్లంటే పడదు. పాత గని గోడ పగిలి నీళ్లు లోపలికి వచ్చిన రోజు, రొమ్ము లోతు నీళ్లలో నడుచుకుంటూ బయటపడ్డ మనిషి. ఆ కథ మాకు ఒక్కసారే చెప్పాడు, అదీ సగమే. అప్పటి నుంచి భద్రాచలం పోయినా రేవులో మెట్టు మీదే కూచుని నెత్తిన చెంబెడు పోసుకుని లేచేవాడు. అమ్మ కోరిక వినగానే ఆయన తీర్పు కూడా చెప్పేశాడు. "వస్త. కానీ నీళ్లల్ల దిగుడు లేదు. దూరంకెల్లి చూసి రావాలె."

మేముండేది అశ్వారావుపేటలో. మా ఆయనకు పామాయిల్ తోట ఉంది, నేను అడివంచు ఊరి బడిలో పంతులమ్మను. విశాఖపట్నంలో బీచ్‌కి దగ్గరగా ఉండే చోటు కోసం ఫోన్‌లో వెతికే పని నా మీద పడింది. మామూలు హోటల్ గది మా వాళ్లకు కుదరదు. అమ్మ బయటి అన్నం ముట్టదు. నాయినకు పూటకు రెండు టీలు కావాలి, అవీ అమ్మ చేతివే కావాలి. అందుకని సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. రెండు పడక గదులు, హాలు, వంటగది, గిన్నెలు, బట్టలుతికే మిషను, సముద్రం వైపు బాల్కనీ. ఫొటోలు చూపిస్తే అమ్మ వంటగది ఫొటో ఒక్కటే పెద్దగా చేసి చూసింది.

తెల్లారి కారు ఎక్కేసరికి డిక్కీలో మా బట్టలకు చోటు లేదు. బియ్యం, ఆవకాయ, నానబోసిన మినప్పప్పు డబ్బా, అమ్మ అల్యూమినియం గిన్నెలు నాలుగు, ఆ పైన ఒక సంచి. సంచిలోంచి వాసన వస్తోంది. విప్పి చూస్తే ఎండు చేపలు.

"అత్తయ్యా, మనం వెళ్లేది సముద్రానికండీ" అన్నాడు మా ఆయన.

"మంచిదే నాయినా. అక్కడ దొరక్కపోతే?" అంది అమ్మ.

మా ఆయన వాళ్లు తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు. పదమూడేళ్ల కాపురం తర్వాత కూడా మా అమ్మ మాటకు ఎదురు చెప్పాలా వద్దా అన్నది ఆయనకు తేలలేదు. ఎండు చేపలు మాతోపాటు సముద్రానికి వచ్చాయి.

సాయంత్రం అయిదో అంతస్తులో మా ఇల్లు తెరిచాం. తలుపు తాళానికి చెవి లేదు, కార్డు ఉంది. లోపల గోడకున్న చిన్న గూట్లో ఆ కార్డు పెడితేనే లైట్లు వెలుగుతాయి, తీస్తే ఆరిపోతాయి. నాయిన ఆ కార్డు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఇల్లంతా వెలగడం చూసి మురిసిపోయాడు. "అచ్చం మా ల్యాంప్ రూమ్ లెక్కనే ఉంది" అన్నాడు.

ల్యాంప్ రూమ్ అంటే బావి దగ్గర టోపీకి పెట్టుకునే దీపాలిచ్చే గది. లోపలికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి టోకెన్ ఇచ్చి దీపం తీసుకోవాలి. టోకెన్‌ను అక్కడ కొక్కేనికి తగిలిస్తారు. షిఫ్టు దిగి పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ వెనక్కి తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా కొక్కేనికి ఒక టోకెన్ వేలాడుతుంటే, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. నాయిన ముప్పై నాలుగేళ్లు అట్లా దిగాడు, అట్లా పైకొచ్చాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన మాకూ అదే పద్ధతి పెట్టాడు. కొత్త ఊరు, పక్కనే సముద్రం, ఎవరెప్పుడు ఎటు పోతారో తెలియదు కాబట్టి టోకెన్ లేకుండా ఎవరూ గడప దాటొద్దన్నాడు. టోకెన్లు ఎక్కడివి? వంటగది సొరుగు తెరిచి పంచిపెట్టాడు. పొడుగు మనిషని మా ఆయనకు ఫోర్కు. మా పాపకు చిన్న చెంచా. నోరు పెద్దదని నాకు గరిటె. అమ్మకు అట్లకాడ. తలుపు పక్కన బల్ల మీద, హోటలు వాళ్లు స్వాగతం అని పండ్లు పెట్టిచ్చిన పళ్లెం ఉంది. పండ్లు తీసేసి దాన్ని టోకెన్ల పళ్లెం చేశాడు. బయటికి పోయేవాళ్లు తమ వస్తువు అందులో పెట్టాలి, తిరిగొచ్చాక తీసి సొరుగులో వేసుకోవాలి.

"మరి నీ టోకెన్ ఏది తాతా?" అంది పాప.

"నేను బయటికి పోతే గద! నేను ల్యాంప్ రూమ్ డ్యూటీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూచుంటాడట. కానీ పాపకు ఆ ఆట భలే నచ్చింది. పొద్దస్తమానం చెంచా పళ్లెంలో వేయడం, తీయడం. ఒక చిక్కు మాత్రం వచ్చి పడింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే అట్లకాడ. అమ్మ గడప దాటితే దోసెలు బంద్.

వంట కూడా అంత సాఫీగా ఏం సాగలేదు. కరెంటు పొయ్యి మీద అమ్మ తన అల్యూమినియం గిన్నె పెట్టి మీట నొక్కితే అది కుయ్యిమని మూలిగి ఆరిపోయింది. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లు మూలిగింది. "నా గిన్నెలు దీనికి నచ్చలే" అని మూతి ముడుచుకుంది. గదులు ఊడ్చడానికి వచ్చినామె నవ్వి, ఆ పొయ్యికి ఏ గిన్నెలు పనికొస్తాయో తీసి చూపించింది. నలభై ఏళ్ల మనిషి, ఆ బీచ్‌లోనే పడవలు ఆగే చోట ఇల్లట. అమ్మ ఆమెను కూచోబెట్టి టీ ఇచ్చింది. అరగంటలో ఇద్దరూ ఎండు చేపల పులుసు ఎట్లా పెట్టాలో వాదించుకుంటున్నారు.

మొదటి పొద్దున ఆరింటికి ఒక పెద్ద కూత వినిపించింది. నిద్రలోనే అందరం కదిలాం. నాయిన లేచి మంచం కింద బూట్ల కోసం చెయ్యి చాపాడు. అమ్మ వంటగదిలోకి పోయి టీ నీళ్లు పెట్టింది. నేను బడి టైమైందని లేచి కూచున్నాను. మా ఆయన ఒక్కడే దుప్పట్లోంచి, "ఏమైంది మీకు? ఓడ అది, పోర్టులో ఓడ" అన్నాడు. కాలనీలో పుట్టి పెరిగినవాళ్లకు అది ఓడ అని ఎట్లా తడుతుంది? మాకది ఫస్ట్ షిఫ్ట్ సైరన్. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వాం. నాయిన కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

టీ తాగి అందరం పళ్లెంలో టోకెన్లు వేసి బీచ్‌కి పోయాం, నాయిన తప్ప. ఆయన బాల్కనీలోంచి చెయ్యి ఊపాడు. ఇసుకలో అమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. మొదటి అల పాదాల మీదికి వచ్చినప్పుడు ఆమె మొహం చూడాలి. నా భుజం వదిలేసి ముందుకు పోబోయింది. అప్పుడే రెండో అల వచ్చి పాపను మోకాళ్ల మీద కూలేసింది. ఏమీ కాలేదు, పాప నవ్వుతూనే లేచింది. కానీ నేను భయపడి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాను.

"చాల్లే అమ్మా. ఇంతవరకే. నాయిన చెప్పింది నిజమే."

"నువ్వు మాటిచ్చినవ్ బిడ్డా."

"ఇచ్చిన. ఈ అలలు చూసి ఇయ్యలే. ఆ మోకాళ్లతోని పడ్డవంటే లేపేదెవరు?"

అమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుని తిరిగి నడిచింది. తీసుకొచ్చిందీ నేనే, అడ్డం పడ్డదీ నేనే. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, తెలిసీ పట్టిన చెయ్యి వదల్లేదు.

రెండో రోజంతా అమ్మ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. దోసెలు మాత్రం పోసింది, పెసరపచ్చడి నూరింది, బట్టల మిషను ముందు కుర్చీ వేసుకుని అద్దంలోంచి సుడి తిరిగే నీళ్లను చాలాసేపు చూసింది. మా ఆయన పాపను జలాంతర్గామి చూపించడానికి తీసుకుపోయాడు. నాయిన బాల్కనీలోంచి బీచ్ మీద మనుషులను లెక్కపెడుతూ, "నీళ్లల్లకు పోయినోళ్లు పదకొండు, వచ్చినోళ్లు పది" అని కంగారు పడుతూ, పదకొండోవాడు కనపడగానే హాయిగా టీ అడుగుతూ గడిపాడు. గదులు ఊడ్చే ఆమె, అమ్మ మాత్రం వంటగదిలో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. పులుసు గురించే అనుకున్నాను.

మూడో పొద్దున మేం తిరుగు ప్రయాణం కావాలి. కూతకు మెలకువ వచ్చింది. నవ్వుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ. ఒక్కో కూత ఎంతో పొడుగ్గా, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగుతూ. లేచి హాల్లోకి వస్తే నాయిన తలుపు పక్కన బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పళ్లెంలో అట్లకాడ ఉంది.

"మీ అమ్మ ఏది?"

పడక గదిలో లేదు. స్నానాల గదిలో లేదు. ఫోను చార్జింగ్‌లోనే ఉంది. నాయిన బాల్కనీ తలుపు తెరిచాడు. బయట ఏమీ లేదు. సముద్రం లేదు, రోడ్డు లేదు, ఎదురుగా దీపస్తంభం కూడా లేదు. అంతా తెల్లటి మంచు. ఆ మంచులోంచి కూత మళ్లీ మోగింది.

మంచు పడ్డప్పుడు ఓడలు దారి కోసం అట్లా కూస్తాయని నాకు తెలుసు. నాయినకూ తెలుసు, ముందురోజే అల్లుడితో కూచుని ఓడల గురించి గంటసేపు మాట్లాడాడు. కానీ కాలనీలో షిఫ్టు సైరన్ ఒక్కసారే మోగుతుంది. ఆగి ఆగి మోగిందంటే బావిలో ఏదో అయిందని. అప్పుడు ఆడవాళ్లందరూ చేతిలో పని చేతిలోనే వదిలేసి గేటు దగ్గరికి ఉరికేవాళ్లు. అమ్మ ఉరకడం నేను రెండుసార్లు చూశాను. ఒకసారి చేతికి పిండి అట్లనే ఉంది.

నాయిన అట్లకాడ చేతిలోకి తీసుకున్నాడు. లుంగీ, బనీను, కాళ్లకు చెప్పుల్లేవు. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్ల మీద పడ్డాడు. నేను వెనకాల ఉరికాను. రిసెప్షన్‌లో కుర్రవాడు లేచి, "సార్, మేడమ్ గారు మా..." అంటూనే ఉన్నాడు, ఆయన దాటిపోయాడు. రోడ్డు మీద పొద్దున నడకకు వచ్చినవాళ్లు, అట్లకాడ ఎత్తి పట్టుకుని ఉరికొచ్చే ముసలాయనను చూసి పక్కకు తప్పుకున్నారు. వెనకే నైటీ మీద చున్నీ వేసుకుని నేను. ఎవరిని కొట్టడానికి పోతున్నామనుకున్నారో ఏమో.

ఇసుకలో ఆయన అటూ ఇటూ చూసి అమ్మను కేకేశాడు. పేరు పెట్టి. ఆయన నోట అమ్మ పేరు నేనెప్పుడూ వినలేదు. పెళ్లయిన కొత్తలో పిలిచేవాడేమో.

పడవలు లాగిపెట్టిన వైపు నుంచి ఎవరో పలికారు. అటు ఉరికాం. అక్కడ రాళ్లు అడ్డం ఉండి అలలు నెమ్మదిగా వస్తున్నాయి. మంచులో ముందు గదులు ఊడ్చే ఆమె కనిపించింది, నడుము లోతు నీళ్లలో చేతులు చాపి నిలబడి. "గాబరా పడకండి, నేనున్నాను కదేటి!" అని అరిచింది. ఆమెకు రెండు బారల దూరంలో తెల్లటి తల ఒకటి నీళ్ల మీద తేలుతోంది. కొప్పు నెత్తి మీదికి కట్టి, గడ్డం పైకెత్తి, రెండు చేతులతో నీళ్లు పక్కకు తోసుకుంటూ అమ్మ ఈదుతోంది. హడావుడి లేదు. సొంత ఇంట్లో తిరిగినట్టు తిరుగుతోంది.

నేను ఒడ్డునే ఆగిపోయాను. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువగా ఆనందం వచ్చింది. నాయిన ఆగలేదు. అమ్మ ఈదుకుంటూ దగ్గరికి వచ్చి కాళ్లు ఆనించి నిలబడే సరికి ఆయన రొమ్ము లోతు నీళ్లలో ఉన్నాడు. ఆ సంగతి ఆయన చూసుకోలేదు.

"ఏందయ్యా ఆ అట్లకాడ?" అంది అమ్మ రొప్పుతూ.

"సైరన్ మోగింది."

"అది ఓడ గదయ్యా!"

"తెలుసు." నాయిన అట్లకాడ ఆమె ముందుకు చాపాడు. "తెలుసు గానీ, నీ టోకెన్ పళ్లెంలనే ఉండె."

అమ్మ నవ్వబోయింది. ఆయన మొహం చూసి మానేసింది. తడి చేత్తో ఆయన బనీను సర్దింది, ఎందుకు సర్దిందో, అది ఎట్లాగూ తడిసే ఉంది. నాయిన ఆ చెయ్యి పట్టుకుని అడిగాడు.

"రోజూ గిట్లనే ఉండెనా నీకు?"

"రోజూ ఏం కాదు. సైరన్ తప్పు మోగిననాడే" అంది అమ్మ.

అబద్ధం. మా క్వార్టర్‌లో రోజూ నాయిన మూలమలుపు నల్లా దగ్గర కనిపించాకే అమ్మ పొయ్యి మీద అన్నం గిన్నె పెట్టేది. అప్పటిదాకా కడిగిన బియ్యం అట్లాగే ఉండేవి. బడి నుంచి ఆకలితో వచ్చి నేను అరిచేదాన్ని, మొగుడికి వేడన్నం పెట్టాలని మమ్మల్ని మాడుస్తుందని. ఆ నీళ్ల అంచున నిలబడి నేను ఆ బియ్యాన్ని అర్థం చేసుకున్నాను. నాయిన కూడా అర్థం చేసుకున్నట్టే ఉంది. ఆమె మాట నమ్మినట్టు తల ఊపాడు, కానీ ఆమె చెయ్యి వదల్లేదు.

"బాగుందా?" అన్నాడు.

"మస్తుంది. మోకాళ్లు ఉన్నయన్న సంగతే యాదికి లేదు." అమ్మ నా వైపు, తర్వాత ఆయన వైపు చూసింది. "ఇంకొక్కసారి పోయొస్త."

నేను నోరు మూసుకున్నాను. గరిటె నోరు మొదటిసారి మూసుకుంది.

"పో" అన్నాడు నాయిన.

"నువ్వు ఒడ్డుకు పో మరి. నీళ్లంటే నీకు..."

"నేను పోను. నీ టోకెన్ నా దగ్గరనే ఉంది గద. నువ్వొచ్చేదాంక ఈడనే నిలబడ్త."

అమ్మ కాళ్లు పైకి తీసేసింది. నీళ్లు ఆమెను ఎత్తుకున్నాయి. నాయిన ఒక చేత్తో అట్లకాడ తడవకుండా పైకి పట్టుకుని, ఆమె పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. ఓడ మళ్లీ కూసింది. ఆయన ఒళ్లు ఒకసారి జలదరించింది గానీ అడుగు కదపలేదు.

ఆ పూట మా ఇంట్లో దోసెలు పదిన్నరకు పడ్డాయి. అప్పటిదాకా అట్లకాడ సముద్రంలోనే ఉంది.